గంపగుత్త ఓటు – విడి ఓటు

మా నెల్లూరు వైపు సంతలో కూరగాయలు కొనడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి గంపగుత్త బేరం. గంప మొత్తానికి ఒక ధర. పైనున్న నవనవలాడే వంకాయలతో పాటు అడుగున దాక్కున్న పుచ్చు వంకాయలు కూడా మనవే. రెండోది విడి తూకం. కావలసినవి ఏరుకుంటాం, అక్కర్లేనివి అక్కడే వదిలేస్తాం. ఎన్నికలలో మనం వేసే ఓటు మొదటి రకం. ఒక అభ్యర్థికి ఓటు వేశామంటే ఆయనగారి పార్టీ, పన్నుల విధానం, మాట తీరు, మనకు నచ్చినవి, నచ్చనివి అన్నీ కలిపి నెత్తికెత్తుకున్నట్టే. అమెరికాలోని చాలా రాష్ట్రాలలో మాత్రం ఈ గంపతో పాటు విడి తూకం కూడా ఉంది. ఒకే బ్యాలెట్ పత్రం మీద ఒకచోట అభ్యర్థుల పేర్లు, మరోచోట "ఫలానా విషయం రాజ్యాంగంలో చేర్చవచ్చునా, అవునా కాదా" అని నేరుగా ఓ ప్రశ్న. గత కొన్నేళ్ళుగా ఆ ప్రశ్నలలో అన్నిటికన్నా వేడి పుట్టించినది అబార్షన్ ప్రశ్న.

"సింగపూరులో కూర్చున్న మనకెందుకండీ ఈ గొడవ?" అని మీరు అడగవచ్చు. మన సమాజంలో అమెరికాలో అన్నో, అక్కో, బావమరిదో లేని ఇల్లు ఒక్కటి చూపించండి! ఆంగ్ మో కియోలో మేముండే బ్లాకు కింద కాపీ షాపులో ఆదివారం సాయంత్రాలు నలుగురైదుగురు తెలుగువాళ్ళం చేరుతుంటాం. కాపీ-ఓ కప్పుల మధ్య పిల్లల పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలు, అమరావతిలో భూముల ధరలు, అమెరికా వీసాలు అన్నీ చర్చకు వస్తాయి. 2024 నవంబరు ఎన్నికల తరువాత ఒక మిత్రుడు వేసిన ప్రశ్న మాకు చాలా వారాలు కాలక్షేపమిచ్చింది. "అరిజోనాలో అబార్షన్ హక్కుకు 61 శాతం మందికి పైగా అవునన్నారు. అదే రోజు, అదే కాగితం మీద, అక్కడ ట్రంపు కూడా గెలిచాడు. ఇదెక్కడి లెక్క?"

మేమంతా కంప్యూటర్లతో బతికేవాళ్ళం. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలనేది మా వృత్తి ధర్మం. ఓటరు మాత్రం ఆ తర్కానికి కట్టుబడడు. ఎందుకు కట్టుబడడో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కాస్త పూర్వరంగం

1973లో అమెరికా సుప్రీంకోర్టు రో కేసులో అబార్షన్‌ను దేశవ్యాప్త హక్కుగా గుర్తించింది. 2022 జూన్ 24న అదే కోర్టు డాబ్స్ కేసులో ఆ తీర్పును కొట్టివేసి, సంగతిని రాష్ట్రాలకు వదిలేసింది. ఆరు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 2న, కాన్సాస్ ప్రజల ముందుకు తొలి ప్రశ్న వచ్చింది. తమ రాష్ట్ర రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదని చేర్చమంటారా? అది 2020లో ట్రంపు పదిహేను శాతం ఆధిక్యంతో గెలిచిన రాష్ట్రం. అయినా 59 శాతం మంది వద్దన్నారు. మామూలుగా ఎవరూ పట్టించుకోని ఆగస్టు ప్రైమరీకి 2018లో వచ్చినవారికి దాదాపు రెట్టింపు మంది వచ్చి మరీ వద్దన్నారు.

అక్కడితో ఒక పార్టీకి ఆశ, మరొక పార్టీకి బెదురు పుట్టాయి. అబార్షన్ ప్రశ్నను బ్యాలెట్ మీద పెడితే చాలు, దానికోసం వచ్చిన జనం మన అభ్యర్థికి కూడా ఓటు వేసి వెళ్తారని ఒకరి ఆశ. ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. 2004 నవంబరులో పదకొండు రాష్ట్రాలలో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రశ్నలు పెట్టారు. ఆ ప్రశ్నలే ఒహాయోలో బుష్‌ను గట్టెక్కించాయని అప్పట్లో చాలామంది నమ్మారు. అవునని కొందరు, కాదని కొందరు పండితులు ఆ సంగతి మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

మరి అబార్షన్ ప్రశ్న విషయంలో ఏమైంది? అదే కాన్సాస్‌లో 2022 నవంబరులో డెమోక్రాటిక్ గవర్నరు లారా కెల్లీ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచారు. అదే రోజు రిపబ్లికన్ సెనేటరు జెర్రీ మోరన్ హాయిగా గెలిచారు. ఆగస్టులో పొంగిన ఏరు నవంబరు నాటికి మళ్ళీ తన గట్ల మధ్యకు చేరింది.

మన వరంగల్ అమ్మాయి కథ

ఇదే సంగతి మనకు ఇంకా దగ్గరగా మిషిగన్‌లో కనబడుతుంది. హైదరాబాదులో బడి చదువు, వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివిన పద్మ కుప్ప గారు 2018లో ట్రాయ్ ప్రాంతం నుంచి మిషిగన్ ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2022లో సెనేటుకు పోటీ చేశారు. ఆ ఏడాది మిషిగన్ బ్యాలెట్ మీద మూడో ప్రతిపాదనగా అబార్షన్ హక్కు ఉంది. ఆమె పార్టీ దానిని భుజాన వేసుకుని ఊరూరా తిరిగింది. దాదాపు 57 శాతం మంది దానికి అవునన్నారు. గవర్నరు గ్రెచెన్ విట్మర్ మళ్ళీ గెలిచారు. దాదాపు నలభై ఏళ్ళ తరువాత ఉభయ సభలూ, గవర్నరు పదవీ కలిసి డెమోక్రాట్ల చేతికి వచ్చాయి. ఇంత గాలి వీచినా పద్మ గారు మాత్రం స్వల్ప తేడాతో ఓడిపోయారు.

ఒక సీటు ఓడిపోవడానికి వంద కారణాలుంటాయి, దానిని ఒక్క ప్రశ్నకు అంటగట్టలేం. కానీ ఒకటి మాత్రం చెప్పవచ్చు. ప్రశ్న గెలిస్తే అభ్యర్థి గెలుస్తారన్న పూచీ ఏమీ లేదు. గాలికి చెట్టు మీది పళ్ళన్నీ ఒకేసారి రాలవు కదా!

ఒహాయో నుంచి మా బావమరిది

మా శ్రీమతి తమ్ముడు ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాడు. పదిహేనేళ్ళు వీసాల మీద గడిపి, 2021లో పౌరసత్వం తీసుకున్నాడు. తీసుకున్న ముహూర్తమేమో గానీ వరసగా ఓట్లే ఓట్లు! 2023లో ఆగస్టు 8న ఒకటి, నవంబరు 7న మరొకటి.

ఆగస్టు ప్రశ్నలో అబార్షన్ అన్న మాటే లేదు. రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించాలంటే సగానికి పైన ఒక్క ఓటు చాలదు, ఇకమీద 60 శాతం కావాలి, సరేనా అని అడిగింది. నవంబరులో రాబోయే అబార్షన్ ప్రశ్నకు ముందే గోడ ఎత్తు పెంచుతున్నారని జనం పసిగట్టారు. 57 శాతం మంది కాదన్నారు. నవంబరులో అసలు ప్రశ్నకు దాదాపు 57 శాతం మంది అవునన్నారు. ఆగస్టులో ఆ గోడ కట్టి ఉంటే నవంబరులో ఆ 57 శాతం చాలేది కాదన్నమాట. సరిగ్గా అదే జరిగింది ఫ్లోరిడాలో. 2024లో అక్కడ కూడా 57 శాతం మంది అవునన్నారు. అక్కడ 60 శాతం నియమం ముందునుంచీ ఉంది కనుక ప్రశ్న ఓడిపోయింది. ఒకే అంకె, ఒకచోట గెలుపు, మరొకచోట ఓటమి!

మా బావమరిది 2023లో రెండుసార్లూ అబార్షన్ హక్కు వైపే ఓటు వేశాడు. 2024లో ట్రంపుకు, సెనేటుకు బెర్నీ మొరేనోకు వేశాడు. ఆ హక్కును ఏళ్ళ తరబడి సమర్థించిన సెనేటరు షెరాడ్ బ్రౌన్ ఓడిపోయారు. దీపావళి పలకరింపులయ్యాక ఫోనులో అతణ్ణి నేరుగానే అడిగాను.

"ఇందులో ఆశ్చర్యమేముంది బావా?" అన్నాడు. "అబార్షన్ సంగతి మేం 2023లోనే తేల్చేశాం. రాజ్యాంగంలో రాసుకున్నాం. అది ఇక ఎవరూ ముట్టుకోలేరు. 2024లో నా ముందున్నది కోడిగుడ్ల ధర, ఇంటి వడ్డీ, పన్నులు."

"మరి నువ్వు ఓటేసిన పార్టీయే కదా ఆ ప్రశ్నను వద్దన్నది? వాన్స్ గారు కూడా దానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు కదా?"

"చేశారు. మేం కాదన్నాం కదా! కాదన్నాక కూడా కోపం పెట్టుకోవడమెందుకు?"

జె.డి. వాన్స్ అప్పుడు ఒహాయో సెనేటరు. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మూలాలున్న ఉష చిలుకూరి గారి భర్తగా మన పత్రికలన్నిటికీ పరిచయమే. 2025 జనవరిలో ఉపాధ్యక్షుడయ్యారు. ఆయన వద్దన్న ప్రశ్నకు ఆయన రాష్ట్రం అవునంది. ఏడాది తిరిగేసరికి అదే రాష్ట్రం ట్రంపు–వాన్స్ జంటకు 55 శాతం ఓట్లిచ్చింది.

మా బావమరిది మాట మీద చాలా రోజులు ఆలోచించాను. నా మటుకు నాకు ఈ విషయంలో అసలు కీలకం అందులోనే కనిపించింది. విడి ప్రశ్న పెట్టడమంటే కుక్కరు విజిలు తీసినట్టు. లోపలి ఆవిరి బయటకు పోతుంది. ప్రశ్నకు తమ జవాబు చెప్పేశాక ఓటరుకు అభ్యర్థిని శిక్షించవలసిన అవసరం కనబడదు. "దీని పని అయిపోయింది" అనుకుని మిగతా గంప చూసుకుంటాడు.

ఆవిరి పోయే దారి లేనిచోట ఏం జరిగిందో చూడండి. 2022లో పెన్సిల్వేనియాలో అలాంటి ప్రశ్న లేదు. అక్కడ గవర్నరు పదవికి రిపబ్లికన్ అభ్యర్థి పూర్తి నిషేధం కావాలన్నవాడు. ఎగ్జిట్ పోల్స్‌లో అక్కడి ఓటర్లు ధరల కన్నా అబార్షన్‌నే ముందు చెప్పారు. డెమోక్రాట్ జాష్ షపీరో దాదాపు పదిహేను శాతం తేడాతో గెలిచారు. విస్కాన్సిన్‌లో జనం సంతకాలు సేకరించి ప్రశ్న పెట్టే హక్కు లేదు. 2023 ఏప్రిల్‌లో అక్కడ సుప్రీంకోర్టు జడ్జి పదవికి జరిగిన ఎన్నికలో అబార్షన్ హక్కును బాహాటంగా సమర్థించిన జానెట్ ప్రొటాసీవిచ్ పదకొండు శాతం తేడాతో గెలిచారు. విడి తూకం లేనిచోట జనం గంప మీదనే తమ తీర్పు రాశారు.

2024 నవంబరు 5న పది రాష్ట్రాల ఓటర్ల ముందుకు ఈ ప్రశ్న వెళ్ళింది. ఏడింటిలో హక్కు గెలిచింది. ఆ ఏడింటిలో నాలుగు, అంటే అరిజోనా, నెవాడా, మిస్సోరీ, మోంటానా, ట్రంపువే అయ్యాయి. మోంటానాలో ప్రశ్నకు దాదాపు 58 శాతం వచ్చినా, దానిని సమర్థించిన సెనేటరు జాన్ టెస్టర్ ఓడిపోయారు. అరిజోనాలో, నెవాడాలో మాత్రం డెమోక్రాటిక్ సెనేటు అభ్యర్థులు గెలిచారు. ట్రంపు కూడా ఈ ఆటను తెలివిగా ఆడారు. సంగతి రాష్ట్రాలకే వదిలేస్తానని, దేశవ్యాప్త నిషేధం వస్తే వీటో చేస్తానని ప్రచారంలో ప్రకటించి, కర్ర విరగకుండా పాము చావకుండా గట్టెక్కారు. ఓటరుకు విడి ప్రశ్న ఒక చేతిలో, ఆ హామీ మరో చేతిలో ఉన్నాయి. ఇక అభ్యర్థిని ఎంచుకోవడంలో బెదురేముంది?

ప్రశ్నే రాని చోట

ఇంతవరకూ లెక్కలు. ఇక ఇంటి సంగతి. ఇది మా చెల్లెలి అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను.

మా చెల్లెలు, బావగారు టెక్సాస్‌లో ఉంటారు. గ్రీన్‌కార్డు వరుసలో పదకొండేళ్ళుగా నిలబడి ఉన్నారు. 2023లో ఆమె రెండోసారి గర్భవతి అయింది. కోరి కన్న కల. పేరు కూడా అనుకున్నారు. పంతొమ్మిదో వారం స్కానింగులో బిడ్డకు మెదడు, పుర్రె సరిగా ఏర్పడలేదని, పుట్టినా గంటలు గడవదని తేలింది. అక్కడి డాక్టరమ్మ మాటలు చాలా ఆచితూచి వాడిందట. "మీకున్న దారులు" అని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "ఈ రాష్ట్రంలో కాదు" అని ముగించిందట. టెక్సాస్ చట్టంలో తల్లి ప్రాణానికి ముప్పు వస్తే మినహాయింపు ఉంది. బిడ్డ బతకడని తెలిసినందువల్ల మాత్రం మినహాయింపు లేదు. పెద్ద పిల్లను స్నేహితుల ఇంట్లో వదిలి, ఇద్దరూ దాదాపు వెయ్యి కిలోమీటర్లు కారులో న్యూ మెక్సికో వెళ్ళి వచ్చారు. తిరిగి వచ్చిన మూడో రోజు ఆమె ఆఫీసు మీటింగులో కూర్చుంది. సెలవు ఎందుకో చెప్పాలంటే భయం వేసిందట.

అమ్మకు మొదట "గర్భం నిలవలేదు" అని మాత్రమే చెప్పాం. నెల తరువాత చెల్లెలే మొత్తం చెప్పింది. అమ్మ చదువుకున్నది ఐదో తరగతి. శుక్రవారం ఉపవాసాలు, కార్తీక దీపాలు తప్పని మనిషి. ఏమంటుందోనని నేను ఇక్కడ ఫోను పట్టుకుని ఊపిరి బిగబట్టాను. చాలాసేపు ఏడ్చింది. తరువాత ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఆడ నీకు ఓటు లేదా తల్లీ?"

"లేదమ్మా. ఉన్నా ఈ సంగతి అడగరు. ఆ రాష్ట్రంలో జనం ప్రశ్న పెట్టడానికి వీల్లేదు."

టెక్సాస్‌లో సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను బ్యాలెట్ మీదకు తెచ్చే హక్కు ప్రజలకు లేదు. శాసనసభ పెడితేనే ప్రశ్న. అక్కడ విస్కాన్సిన్ కథ కూడా జరగలేదు. 2022లో గవర్నరు అబ్బాట్, 2024లో సెనేటరు క్రూజ్ మళ్ళీ గెలిచారు. గంపలో మిగతా సరుకు అక్కడి ఎక్కువమందికి నచ్చింది. ఆ ఒక్క వంకాయ గురించి వాళ్ళేమనుకుంటున్నారో ఎవరూ విడిగా అడగలేదు. ఇక ఆ ఊళ్ళలో పన్నులు కడుతూ, ఇళ్ళు కొనుక్కుని, గుళ్ళు కట్టుకుని బతుకుతున్న వేలాది మన తెలుగు కుటుంబాలకు ఓటే లేదు. చట్టం మాత్రం అందరికీ వర్తిస్తుంది.

అమ్మకు ఆ ప్రశ్న ఎలా తట్టింది?

మా అమ్మ అలా అడగడం వెనుక మా జిల్లా చరిత్ర ఉంది. 1992లో నేను ఆరో తరగతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన ఆడవాళ్ళు, వాచకంలోని పాఠం చదివి, ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అప్పుడే విన్నాను. ఆ నిప్పు ఊరూరికీ పాకింది. చీపుళ్ళు, కారం పొట్లాలు పట్టుకుని సారా దుకాణాల ముందు కూర్చున్న వాళ్ళలో మా అమ్మ, మా పెద్దమ్మ కూడా ఉన్నారు. 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 ఎన్నికలలో ఎన్.టి. రామారావు గారు సంపూర్ణ మద్య నిషేధం హామీ ఇచ్చారు. ఆడవాళ్ళు విరగబడి ఓటు వేశారు. తెలుగుదేశానికి 294 స్థానాలలో రెండు వందలకు పైగా వచ్చాయి. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది.

ఒక్క విషయం మీద ఎన్నిక గెలవవచ్చని మన రాష్ట్రం అప్పుడే చూపించింది. అయితే ఆ తరువాత కథ కూడా చెప్పుకోవాలి. ఖజానాకు గండి పడిందని, దొంగ మద్యం ఏరులై పారుతోందని 1997లో అదే పార్టీ ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. సారా మాత్రం మళ్ళీ రాలేదు. మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. 1999లో అదే పార్టీ మళ్ళీ గెలిచింది. మా అమ్మ ఇప్పటికీ ఒక మాట అంటుంది: "పెట్టమని మేమడిగినాం, పెట్టినారు. తీసేసేటప్పుడు మమ్మల్నెవరడిగినారు?"

గంపగుత్త హామీకి ఉన్న బలహీనత అదే. అభ్యర్థి గెలుపులో కలిసి వచ్చిన హామీ, అభ్యర్థి మనసు మారితే పోతుంది. అది మనకు విడిగా రాసిచ్చిన పత్రం కాదు.

అలాగని ఒంటి సమస్య అన్నిచోట్లా ఒకేలా పని చేస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఎమర్జెన్సీ కాలంలో కుటుంబ నియంత్రణ పేరుతో జరిగిన బలవంతపు ఆపరేషన్లు గుర్తు చేసుకోండి. ఒక్క 1976–77 సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. మనిషి శరీరం మీద ప్రభుత్వం చెయ్యి వేసిన ఆ కోపం 1977లో ఉత్తరాదిని ఊపేసింది. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కాంగ్రెసుకు ఒక్క సీటూ దక్కలేదు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసుకు 42లో 41 వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే జనతా తరఫున నెగ్గారు. దెబ్బ ఎక్కడ గట్టిగా తగిలిందో కోపం అక్కడే ఓటయింది.

మరి సింగపూరులో?

మనముండే చోటు సంగతి వేరు. ఇక్కడ అబార్షన్ చట్టం ప్రజాభిప్రాయ సేకరణతో రాలేదు. 1969లో ఆరోగ్యమంత్రి చువా సియాన్ చిన్ బిల్లు తెచ్చారు. అప్పటికి పార్లమెంటులోని 58 స్థానాలూ ఒకే పార్టీవి. కావాలంటే చిటికెలో ఆమోదింపజేసుకోవచ్చు. అయినా బిల్లును సెలెక్టు కమిటీకి పంపి, విప్ ఎత్తేసి, సభ్యులను మనస్సాక్షి ప్రకారం ఓటు వేయనిచ్చారు. అధికార పార్టీ సభ్యులే కొందరు వ్యతిరేకంగా ఓటు వేశారు. 1970లో చట్టం అమలులోకి వచ్చింది, 1974లో మరింత సడలింది. 24 వారాల లోపు స్త్రీ కోరితే, కౌన్సెలింగ్ తరువాత 48 గంటలు ఆగి, చేయించుకోవచ్చు. ఒక రకంగా అది కూడా విడి తూకమే, కాకపోతే తూచినది ప్రజలు కాదు, ప్రతినిధులు. విప్ లేకపోవడం వల్ల పార్టీ గంప నుంచి ఆ ఒక్క ప్రశ్న వేరుపడింది.

సింగపూరు చరిత్రలో ప్రజలందరినీ ఒక ప్రశ్న అడిగింది ఒకే ఒక్కసారి, 1962 సెప్టెంబరు 1న, మలేషియాలో విలీనం మీద. మూడు జవాబులిచ్చారు. మూడూ విలీనానికి సంబంధించినవే, "వద్దు" అన్న గడి లేదు. 71 శాతం మంది మొదటి జవాబును ఎంచుకున్నారు. దాదాపు 25 శాతం మంది ఖాళీ పత్రాలు వేశారు. అడిగేవాడి చేతిలోనే ప్రశ్న రూపం ఉంటుంది. ఒహాయోలో కూడా 2023లో బ్యాలెట్ మీది సారాంశంలో "పిండం" అన్న మాట తీసి "పుట్టని బిడ్డ" అని రాశారు. దాని మీద కోర్టుకెళ్ళారు. విడి తూకమైనా తక్కెడ ఎవరు పట్టుకున్నారో చూసుకోవాలి.

ఇక మా ఆంగ్ మో కియోలో గంపగుత్త మరీ పెద్దది! ఇది జీఆర్‌సీ. ఒక్క గుర్తు పెడితే ఐదుగురు సభ్యుల జట్టు ఎన్నికవుతుంది. 1988లో వచ్చిన ఈ పద్ధతిలో జట్టులో కనీసం ఒకరు మలయ్, ఇండియన్ లేదా ఇతర అల్పసంఖ్యాక వర్గానికి చెంది ఉండాలి. మనలాంటి కొద్దిమంది గొంతు పార్లమెంటులో వినబడడానికి గంపగుత్త కూడా పనికొస్తుందన్న మాట. ఏ పద్ధతికీ ఒకే ముఖం ఉండదు.

చివరిగా నా మనవి

విడి ప్రశ్న గెలిచినంత మాత్రాన అది శాశ్వతమని కూడా అనుకోవద్దు. మిస్సోరీలో 2024 నవంబరులో దాదాపు 52 శాతంతో హక్కు గెలిచింది. ఆరు నెలలు దాటగానే, 2025 మేలో, దానిని రద్దు చేసే ప్రశ్నను మళ్ళీ ప్రజల ముందు పెట్టాలని అక్కడి శాసనసభ నిర్ణయించింది. "ఇక ఎవరూ ముట్టుకోలేరు" అన్న మా బావమరిదికి ఈ వార్త పంపాను. "అయితే మళ్ళీ అడగాలి కదా బావా, అడక్కుండా తియ్యలేరు" అని జవాబిచ్చాడు. మా అమ్మ 1997లో పోగొట్టుకున్నది సరిగ్గా అదే.

అందుకే పార్టీల పెద్దలు ఈ ప్రశ్నలను తమ అభ్యర్థిని మోసే పల్లకీలనుకుంటే నిరాశ తప్పదు. ప్రశ్న తన బరువు తాను మోసుకుంటుంది, అభ్యర్థి తన బరువు తాను మోసుకోవాలి. జనం జవాబు చెప్పినా తమ అభ్యర్థే ఓడాడని నిట్టూర్చే బదులు, అభ్యర్థి మీద కోపమున్నా జనం ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పారని సంతోషించవచ్చు. అబార్షన్ సరైనదా కాదా అన్నదాని మీద మన ఇళ్ళలోనే నాలుగు అభిప్రాయాలుంటాయి, ఉండనివ్వండి. మా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ ఆడవాళ్ళ ఒంటికి, ప్రాణానికి సంబంధించిన సంగతిని గంప అడుగున దాచి అమ్మడం న్యాయం కాదని మాత్రం నా చెల్లెలి ప్రయాణం నాకు నేర్పింది.

అమెరికాలో ఓటున్న బంధువులు మీకుంటే ఒక మాట చెప్పండి. అభ్యర్థుల పేర్ల దగ్గరే ఆగిపోకుండా, కాగితం తిప్పి వెనుక ఉన్న ప్రశ్నలు కూడా చదవమనండి. ఓటు లేనివాళ్ళ తరఫున కూడా ఆ గడి నింపుతున్నారని గుర్తు చేయండి. చెల్లెలికి గ్రీన్‌కార్డు వరుస ఎప్పుడు కదులుతుందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. ఈ మధ్య ఫోను చేసినప్పుడు అమ్మ మళ్ళీ అడిగింది, ఓటు ఎప్పుడొస్తుందని. "వచ్చిన రోజు నీకే ముందు చెప్తానమ్మా" అంది మా చెల్లెలు.